మొక్కలు తవ్వుకున్న పాతర



గుడియాత్తంలో గాని, పేర్ణాంబట్టులో గాని, వేలూరు పేటల్లో గాని బీడీలు చుట్టే ఇంటికి వెళ్ళి చూడండి. ముందు ఆకు తడిపి గోనెపట్టాలో చుట్టి పెడతారు. మెత్తబడ్డాక కొలతకు రేకుముక్క ఆనించి కత్తెరతో కత్తిరిస్తారు. ఆ తరువాత పొగాకు, చుట్టడం, దారం. వెయ్యి బీడీల లెక్కన కూలి. ఆకు బాగుంటే చెయ్యి సాగుతుంది. ఆకు పెళుసుగా ఉన్నా, చిల్లులు పడి ఉన్నా అదే వెయ్యికి ఎక్కువ పొద్దు పడుతుంది, ఇచ్చిన ఆకూ చాలదు. ఆ బాధ చుట్టే మనిషిదే. అంచేత ఈ ఆకు మంచిచెడ్డలు ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళకు తెలిసినంతగా నాబోటి పుస్తకాలవాళ్ళకు తెలియవు. కాని ఆ ఆకు పుట్టుక గురించి ఒక విచిత్రమైన సంగతి ఉంది. దాన్నే ఈ పూట మనవి చేస్తాను.

ఆ ఆకు పేరు తునికాకు. తెలంగాణలో భద్రాచలం, ఆదిలాబాదు వైపు అడవుల నుంచి, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవుల నుంచి మూటలుగా వస్తుంది. చెట్టుకు వృక్షశాస్త్రంలో డయోస్పైరోస్ మెలనోక్సిలాన్ అని పేరు. ఆ పేరు పెట్టినవాడు సామర్లకోటలో ఏళ్ళ తరబడి తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద బొమ్మల పుస్తకం వేసిన విలియం రాక్స్‌బర్గ్. 1795లో. మెలనోక్సిలాన్ అంటే నల్ల కర్ర అని అర్థం. చేవ నల్లగా ఉంటుంది గనుక ఆ పేరు. ఆయన కర్రను చూసి పేరు పెట్టాడు. తరువాతి కాలం ఆకును చూసి వెల కట్టింది.

ఈ ఆకు ఎప్పుడు కోస్తారో తెలుసునా? ఏప్రిల్, మే నెలల్లో. వేలూరులో మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. తునికి అడవుల్లోనూ అంతే. అప్పటికి గట్టి వాన పడి నెలలయి ఉంటుంది. పైమట్టి కాలితే పొగలాగా లేస్తుంది. గడ్డి ఎండిపోయి ఉంటుంది. పోయిన ఏటి ఆకు రాలిపోయి ఉంటుంది. అలాంటి వేళలో ఈ పొద లేత రాగి రంగు చిగురు వేసి, అరచెయ్యంత ఆకులు విప్పుతుంది. వాన లేదు, పాత ఆకు లేదు. మొక్కకు అన్నం వండిపెట్టేది ఆకే కదా. వంటిల్లే మూతపడి ఉండగా ఈ కొత్త ఆకు ఏ తిండితో తయారయింది?

నిరుడు దాచిన తిండితో. నేల కింద దాచిన తిండితో.

మన పెద్దల కాలంలో ధాన్యానికి పాతర వేసేవారు. నేలలో గొయ్యి తవ్వి, గోడలకు గడ్డి పేర్చి, గింజలు పోసి, పైన మట్టి కప్పేవారు. పంట రోజుల్లో నింపడం, కరువు రోజుల్లో తీయడం. ఎండకాలపు అడవుల్లో మొక్కలు చేసేదీ సరిగ్గా ఈ పనే. వానలున్న రోజుల్లో ఆకులు ఎండను పట్టుకొని చక్కెర తయారు చేస్తాయి. ఆ చక్కెర నీళ్ళలో కరిగి, బెరడు లోపలి సన్నని నాళాల గుండా కిందికి దిగుతుంది. చక్కెరను చక్కెరగానే నిలవ చేస్తే కణంలోకి నీళ్ళు లాక్కుంటుంది, చోటూ ఎక్కువ పడుతుంది. అందుకని మొక్క దాన్ని గొలుసులు గొలుసులుగా ముడివేసి పిండిగా మారుస్తుంది. పిండి నీటిలో కరగదు, కదలకుండా రేణువులుగా పడి ఉంటుంది. మళ్ళీ చిగురు వేసే రోజు వచ్చినప్పుడు మొక్కలోని ఎంజైములు ఆ గొలుసులను విడదీసి తిరిగి చక్కెర చేస్తాయి. అది మొగ్గలకు ఎక్కుతుంది. బంగాళాదుంప మొలక వేస్తే కాస్త తియ్యగా అనిపించడానికి ఇదే కారణం.

ఈ పాతర ఒక్కొక్క మొక్కలో ఒక్కొక్క చోట ఉంటుంది. కొన్నింటిలో వేరే పాతర. కొన్నింటిలో కాండమే నేల కింద దాక్కొని పాతర అవుతుంది. ఈ తేడా బడి పుస్తకాల్లో మార్కుల కోసం చదివే తేడా కాదు. ఏ దుంపను ఎంత వరకు తవ్వవచ్చు, తవ్వాక మొక్క బతుకుతుందా చస్తుందా అనేది ఈ తేడా మీదే ఉంది. అంచేత దీని దగ్గర కాసేపు ఆగుదాం.

కాండం అంటే కణుపులూ, కణుపు దగ్గర మొగ్గలూ ఉన్నది. నేల పైన ఉన్నా, కింద ఉన్నా అదే గుర్తు. బంగాళాదుంపకు కళ్ళున్నాయి. ఆ కళ్ళే మొగ్గలు. కనుక అది కాండం. అల్లం, పసుపు కొమ్ముల మీద వలయాలు కనిపిస్తాయి, పక్క నుంచి పిలకలు వస్తాయి. అవీ కాండాలే. చిలగడదుంపను తిప్పి చూడండి, కణుపులూ ఉండవు, వరసగా కళ్ళూ ఉండవు. అది వేరు. ముల్లంగి, క్యారెట్ కూడా వేళ్ళే. పైకి చూస్తే అన్నీ మట్టిలో పెరిగిన దుంపలే. మన భాష కూడా ఈ తేడాను పెద్దగా పట్టించుకోదు. పసుపు కాండం, దానిని కొమ్ము అంటాం. నన్నారి వేరు, దానినీ కొమ్ము అనే అంటాం.

కంద సంగతి చూద్దాం. అరవంలో సేనైకిళంగు. చింతపండు వేసి ఉడికించకపోతే గొంతు దురద పెట్టే కంద. ఆ దురదకు కారణం దానిలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు. అడవి కంద తూర్పు కనుమల్లో నీడపట్టున ఉంటుంది. ఎండాకాలంలో అది ఉన్న చోటే తెలియదు. తొలకరి చినుకులు పడగానే కొన్ని పెద్ద దుంపల నుంచి ఆకు లేకుండా నేరుగా పువ్వు పైకి వస్తుంది. ఊదా రంగు, కుళ్ళిన మాంసం వాసన. ఆ వాసనకు పురుగులు, ఈగలు చేరి పుప్పొడి మోస్తాయి. వాసన బాగా వ్యాపించడానికి ఆ పువ్వు పిండిని మండించి తనంతట తాను వెచ్చబడుతుంది కూడాను. అంటే పాతరలోని గింజలు కొంత పొయ్యిలోకే పోయాయన్నమాట. పువ్వు పోయాక ఆకు వస్తుంది. సాధారణంగా ఒక్కటే ఆకు. మచ్చలతో బోదెలా నిలబడేది కాండం కాదు, ఆ ఒక్క ఆకు తాలూకు కాడ. గొడుగులా విప్పుకున్నదంతా ఒకే ఆకు.

ఇప్పుడు మట్టి కింద ఏం జరుగుతుందో చూడండి. ఆకు ఎదుగుతున్న కొద్దీ పాత దుంప కరిగిపోతూ ఉంటుంది. తనలో ఉన్నదంతా ఆకుకు, వేళ్ళకు ఇచ్చేసి తిత్తిలా ముడుచుకుపోతుంది. దాని నెత్తి మీద కొత్త దుంప పుట్టి, వానాకాలమంతా ఆకు సంపాదించినది తాగుతూ ఊరుతుంది. ఆకు పసుపు పడి పడిపోయేసరికి కింద ఉన్నది నిరుటి దుంప కాదు, పూర్తిగా కొత్తది. ఏటేటా పాతర కూల్చి పాతర కడుతుంది. వాన బాగా కురిసి, ఆకు ఎక్కువ రోజులు నిలిచిన ఏడు కొత్తది పాతదాన్ని మించుతుంది. ఆకు తొందరగా పోతే చిన్నదవుతుంది. కంద నాటే రైతు దుంపను ముక్కలు చేసేటప్పుడు ప్రతి ముక్కకూ నెత్తి మీది మొగ్గ భాగం కొంత వచ్చేలా కోస్తాడు. అది లేని ముక్కలో ఎంత పిండి ఉన్నా నాటడానికి పనికి రాదు. తాళం చెవి లేని ఇనప్పెట్టెలాంటిది అది.

మరొకటి కంచెల మీద మనందరం చూసేదే. అడవినాభి. అగ్నిశిఖ అని కూడా అంటారు. అరవంలో సెంగాందళ్, కార్తిగైప్పూ. తమిళనాడు రాష్ట్ర పుష్పం. జూన్, జూలై వానలకు మొలిచి, ఆకు కొసల తీగలతో కంచె పట్టుకొని పాకి, కార్తీకం నాటికి ఎరుపు పసుపు రేకులు మంటలాగా పైకి విప్పి పూస్తుంది. సంక్రాంతి దాటేసరికి తీగ ఎండిపోతుంది. ఆ తరువాత నాలుగైదు నెలలు నేల కింద నిద్ర. దీని దుంపా కాండమే. రెండు కొమ్మలుగా చీలి నాగలి ఆకారంలో ఉంటుంది. అందుకే సంస్కృతంలో లాంగలి అన్నారు, అరవంలో కలప్పైకిళంగు అన్నారు. లాంగలమన్నా, కలప్పై అన్నా నాగలే. రెండు కొసలకూ చెరొక మొగ్గ. ఇదీ కందలాగే ఏటేటా పాత దుంపను ఖర్చు పెట్టి కొత్తది కడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. నాభి దుంప విషం. మొక్క అంతటా కొల్చిసిన్ అనే పదార్థం ఉంది. వాతపు నొప్పికి డాక్టర్లు అతి కొద్ది మోతాదులో వాడే మందు అది. ఆ మందు కోసమే దీని గింజలకు గిరాకీ. మూలనూరు, వేదారణ్యం వైపు పొలాల్లోనే పండిస్తున్నారు. కాని అడవి దుంపనుకునో, చిలగడదుంపనుకునో ఉడికించి తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఉడికించినా విషం పోదు. తిన్న వెంటనే ఏమీ కాకపోవచ్చు, కొన్ని గంటల తరువాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అప్పటిదాకా చూద్దాం అనుకోకుండా, తిన్నట్టు తెలిసిన క్షణమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మొక్క తనకోసం కట్టుకున్న పాతరకు కాపలా పెట్టుకుంటుంది. కందకు దురద కాపలా. నాభికి విషం కాపలా.

కొండలు లేని నెమిలి వైపు శ్రోతలకు ఇదంతా దూరపు కథగా అనిపిస్తుందేమో. మీ చేలలో తుంగ లేదా? తుంగను పీకి పీకి విసిగిపోని రైతు ఉండడు. పైన పీకితే కింద గడ్డ మిగులుతుంది. గడ్డకూ గడ్డకూ మధ్య సన్నని కాండం, గొలుసులాగా. ఒక చివర మొలిచి ఉన్నంత కాలం గొలుసులోని తక్కిన గడ్డల మొగ్గలు చాలా వరకు నిద్రలోనే ఉంటాయి. మీరు పీకి గొలుసు తెంచగానే వాటికి మెలకువ వస్తుంది. ఒకటి పీకితే నాలుగు మొలిచాయని తిట్టుకుంటాం. తిట్టుకోవడం న్యాయమే, కాని కిటుకు అందులోనే ఉంది. కొత్తగా మొలిచిన తుంగ మొదటి రెండు మూడు ఆకులు గడ్డలో దాచిన పిండితోనే వేస్తుంది. ఆ తరువాతే ఆకులు తిరిగి గడ్డకు సంపాదించి పెడతాయి. ఖర్చు అయ్యింది, ఇంకా జమ పడలేదు, అలాంటి సమయంలో మళ్ళీ మళ్ళీ కోస్తూ పోతే పాతర ఖాళీ అవుతుంది. ఆలస్యం చేసి, ఆకు ముదిరాక పీకితే మనం దానికి ఏ నష్టమూ చెయ్యలేదన్నమాట. నడివేసవిలో లోతుగా దున్ని గడ్డలను ఎండకు వెయ్యడం కూడా మంచి ఉపాయమే, గడ్డ ఎండి మొగ్గ చస్తుంది.

తుంగను చంపడానికి ఏ లెక్క పనికి వస్తుందో, తునికిని బతికించుకోవడానికీ అదే లెక్క. ఇప్పుడు మళ్ళీ తునికి దగ్గరికి వద్దాం.

తునికి పెద్ద చెట్టు కాగల మొక్క. మనం కోసే ఆకు మాత్రం చాలావరకు పొదలది. గింజ మొలిచిన నాటి నుంచి ఈ మొక్క పైకి ఎదగడం కంటే ముందు కిందికి దిగుతుంది. పొడుగాటి తల్లివేరు, దాని పైభాగం లావుగా ఊరి ఉంటుంది. పైన జానెడు మొక్క, కింద బలిసిన వేరు. పశువు మేసినా, మంట తగిలినా పైభాగం పోతుంది, వేరు మెడ నుంచి మళ్ళీ చిగురు వస్తుంది. అంతేకాక నేలలో అడ్డంగా పాకే వేళ్ళ మీద ఎక్కడికక్కడ మొగ్గలు పుట్టి పిలకలు లేస్తాయి. వేరుకు మొగ్గలు ఉండవని ఇందాక అన్నాను కదా. మామూలుగా ఉండవు. కాని కొన్ని మొక్కల వేళ్ళు అవసరం వచ్చినప్పుడు కొత్తగా మొగ్గలు పుట్టించుకోగలవు. తునికి అందులో ఘనమైనది. ట్రూప్ అనే అటవీ అధికారి 1921లో వేసిన భారతదేశపు చెట్ల పుస్తకంలోనే ఈ పిలకల సంగతి ఉంది.

అడవిలో వేసవి మంట పోయినప్పుడు పైన చూస్తే అంతా బూడిద. కాని మట్టి వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు. నాలుగు వేళ్ళ లోతున మొగ్గకు ఆ మంట సంగతే తెలియదు. తునికి బతుకు రహస్యం ఇదే.

ఆకు కోసం అడవి పల్లెల వాళ్ళు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ పొదలను నేలకు దగ్గరగా నరుకుతారు. తెలంగాణలో దీన్ని మోడెం కొట్టడం అంటారు. కొట్టిన సుమారు 45 రోజులకు కొత్త చిగురు ముదిరి కోతకు వస్తుంది. తెల్లవారక ముందే అడవికి పోయి, ఆకు కోసి, ఇంటికి తెచ్చి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పగిస్తారు. అక్కడ ఎండబెట్టి మూటలు కడతారు. మధ్యప్రదేశ్ 1964లో, ఆంధ్రప్రదేశ్ 1971లో చట్టాలు చేసి ఈ వ్యాపారాన్ని ప్రభుత్వం చేతికి తీసుకున్నాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తునికాకునూ, వేళ్ళనూ, దుంపలనూ చిన్న తరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో చేర్చి, సేకరించుకొనే హక్కు అడవిలో ఉండేవారికి ఇచ్చింది. పనులు లేని ఎండాకాలంలో ఆ పల్లెలకు చేతికి డబ్బు వచ్చేది ఈ కొద్ది వారాల్లోనే.

మోడెం కొట్టడం వల్ల లాభం ఏమిటి? కిందనున్న పాతర అదే. పైన మాత్రం పాత కొమ్మలన్నీ పోయి కొన్నే చిగుళ్ళు. పాతరలోని సరుకంతా ఆ కొద్ది చిగుళ్ళ మీద పడుతుంది. అందుకే ఆకు వెడల్పుగా, మెత్తగా, ఈనె సన్నగా వస్తుంది. బీడీ చుట్టే చేతికి కావలసింది అదే. కొట్టని పొదలో ఆకు చిన్నది, మందం, పెళుసు.

నీళ్ళ మాట మిగిలింది. తిండి పాతరలో ఉంది సరే, మేలో నీళ్ళెక్కడివి? తల్లివేరు లోతుకు పోతుందని చెప్పాను. పైమట్టి ఎండినా లోతు మట్టిలో, రాతి పగుళ్ళలో తడి ఉంటుంది. పైగా పాత ఆకులు రాల్చేశాక చెట్టు నుంచి ఆవిరైపోయే నీరు బాగా తగ్గుతుంది. ఉన్న కాస్త తడి చిగురుకు సరిపోతుంది.

ఇంత కష్టపడి ఎండలో ఎందుకు, వాన వచ్చాకే చిగిర్చవచ్చు కదా అని మీకు తోచవచ్చు. దీనికి మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పరిశీలన చక్కని జవాబు చెబుతుంది. నీలగిరుల పాదాన ముదుమలై అడవిలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మురళి, సుకుమార్ అనే శాస్త్రవేత్తలు చెట్లు ఎప్పుడు చిగిరిస్తున్నాయో, ఆ చిగుళ్ళను పురుగులు ఎంత తింటున్నాయో లెక్కలు కట్టి 1993లో ప్రకటించారు. వానలకు ముందే, ఎండలో చిగిర్చిన చెట్లకు పురుగుల బెడద తక్కువ. వానలు వచ్చాక చిగిర్చిన వాటి ఆకులు ఎక్కువ చిల్లులు పడ్డాయి. ఎందుకంటే వానతో పాటే గొంగళి పురుగుల దండూ లేస్తుంది. అప్పటికి ఆకు ముదిరి గట్టిపడితే వాటి పళ్ళకు లొంగదు. చిల్లులు లేని ఆకు కోసం వెదికే బీడీ కార్మికురాలికి ఈ లెక్క బాగా అర్థమవుతుంది. వాన మొదలైతే కోత ఆపేయడానికి ఆరబెట్టడం కుదరదన్న కారణంతో పాటు ఇదీ ఒకటి.

ఇంత వరకు ఖర్చు. జమ సంగతి ఏమిటి? మేలో ఆకు కోసేశాక పొద పాతర చాలా మటుకు ఖాళీగా ఉంటుంది. అది మళ్ళీ చిగిర్చాలి. ఈసారి వచ్చిన ఆకులు జూన్ నుంచి కార్తీకం దాకా నిలిచి, వానాకాలమంతా పని చేసి, వేళ్ళకు పిండి పంపాలి. ఆ నాలుగైదు నెలలు పొదను ముట్టుకోకపోతే వచ్చే ఏటికి పాతర నిండుతుంది. అలా కాక రెండో విడత ఆకు కూడా కోసినా, మేకలు మేసినా, ఏటేటా నిప్పు పెట్టినా ఒక్క ఏడులో ఏమీ తెలియదు. పొద మళ్ళీ లేస్తుంది, దీనికి చావు లేదనిపిస్తుంది. కాని ఆకు ఏడాదికేడాది చిన్నదవుతుంది, పిలక సన్నబడుతుంది. పైకి కనిపించని చోట ఖర్చు జమను మించింది. మంట పెడితే చిగురు బాగా వస్తుందని కొందరు అంటారు. నిజమే, చిగురు వస్తుంది. మోడెం కొడితే వచ్చేదీ అదే చిగురు, అడవి తగలబడకుండా. గింజల నుంచి మొలిచిన పసి మొక్కలకు ఇంకా పాతర ఏర్పడలేదు గదా, మంటకు ముందు పోయేవి అవే. నా మటుకు నాకు ఆ నిప్పు పెట్టడంలో సోమరితనం తప్ప తెలివి కనిపించదు.

తునికికి ఉన్న ఈ మొండితనం అన్ని మొక్కలకూ లేదు. లేనిదానికి మన కొండల్లోనే ఒక ఉదాహరణ ఉంది. మారేడు గడ్డలు. మన ఇళ్ళలో మాగాళి అంటాం, అరవంలో మాగాళిక్కిళంగు. పెరుగులో ఊరవేసే ఊరగాయ, వాసన కొందరికి ప్రాణం, కొందరికి తలనొప్పి. రాయలసీమలో నన్నారి షర్బత్తుకూ దీన్ని వాడతారు. అసలు సుగంధిపాల వేరు వేరు మొక్క, సన్నగా నల్లగా ఉంటుంది. ఇది లావుగా, వేళ్ళంత నుంచి కర్రంత దాకా ఉంటుంది. దీని వృక్షశాస్త్ర నామం డెకాలెపిస్ హామిల్టోనియై. ఆ వాసనకు కారణమైన పదార్థం ఐస్‌క్రీముల్లో వేసే వెనిల్లిన్‌కు దాయాది, అవే అణువులు వేరే అమరికలో. దక్షిణ భారతదేశపు రాతి కొండల మీద, తూర్పు కనుమల్లో, బండల సందుల్లో పొదగా మొదలై తీగగా పాకుతుంది. పాలు కారుతుంది. ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. వానకు చిగిరిస్తుంది.

దీని పాతర వేరు. కణుపులు లేవు, కళ్ళు లేవు. తునికి వేరులాగా ఎక్కడపడితే అక్కడ పిలకలు వేయదు. కాండమూ వేళ్ళ గుత్తీ కలిసే మెడ దగ్గరే దాని మొగ్గలన్నీ. ఊరగాయకు కావలసింది వేరు. కొండ మీద బండల మధ్య గునపం వేసి తవ్వేవాడికి సగం తీసి సగం వదలడం కష్టం. ఎవడో ఒకడు రేపు వచ్చి ఆ సగం తీసుకుపోతాడని భయం కూడా. అంచేత మెడతో సహా మొత్తం లాగేస్తారు. తీగను పక్కన పారేస్తారు. ఆ చోట ఇక మళ్ళీ మొలవదు. పూత, కాయ, గింజ పూర్తి కాకముందే తవ్వితే గింజ నుంచి వచ్చే కొత్త మొక్కా లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ఈ మొక్క అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి వరుసలో ఉంది. మన వంటింటి జాడీ ఒకటి ఆ జాబితాకెక్కిందన్నమాట. తవ్వే మనుషులు యానాదులు, ఇరుళర్లు, కొండపల్లెల బీదవాళ్ళు. వాళ్ళకు కిలో మీద వచ్చేది కొద్ది. తప్పు వాళ్ళ నెత్తిన వేసి ఊరుకోవడం సులువు, న్యాయం కాదు. వేరు బరువును బట్టి కొనే బేరగాడికి మెడ వదిలి తవ్వినదీ, పీకేసినదీ ఒకటే.

దుంపలు తవ్వి బతికిన జనాలకు ఈ సంగతి తెలియదని మాత్రం అనుకోకండి. నల్లమల చెంచుల మధ్య 1940 ప్రాంతంలో ఉండి వచ్చిన హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1943లో వేసిన పుస్తకంలో వాళ్ళ తిండిలో అడవి దుంపలకు ఎంత చోటుందో వివరంగా రాశాడు. ఆ అడవి దుంప తీగలు కూడా కందలాగే వానకు పైకి వచ్చి, ఎండకు చచ్చి, నేల కింద నిలిచేవే. తీగ ఎండిపోయాక తవ్వితేనే దుంప నిండుగా ఉంటుంది. తీగ పచ్చగా ఎగబాకుతున్నప్పుడు తవ్వితే చేతికి వచ్చేది నీళ్ళ దుంప, పిండంతా తీగలోకి పోయి ఉంటుంది. తీగ తగిలి ఉన్న తలను వదిలి కింది భాగం మాత్రమే తీసుకుంటే మరుసటి ఏడు అదే గోతిలో మళ్ళీ దుంప. ఇలా తలను మట్టిలోనే వదిలే అలవాటు దుంపలు తవ్వి బతికే జనాలలో చాలాచోట్ల ఉంది.

మారేడు గడ్డలనూ అలాగే తీయవచ్చు. గింజ రాలాక, ఆకు రాలిన రోజుల్లో, పాతర నిండుగా ఉన్నప్పుడు తవ్వాలి. మెడనూ, నడిమి తల్లివేరునూ కదిలించకుండా పక్క వేళ్ళలో కొన్నే కోసుకొని, గోతిలో మట్టి పూడ్చాలి. అంతకంటే మంచిది పెరట్లో పెంచుకోవడం. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థవారు కణజాల వర్ధనం పద్ధతిలో దీని మొక్కలు తయారు చేసి చూపించారు. ఇంట్లోనైతే తాజా గింజ వేసుకోవాలి, పాతబడిన కొద్దీ మొలక తగ్గుతుంది. రాళ్ళు కలిసిన మట్టి, నీరు నిలవని చోటు, పాకడానికి ఒక కంప చాలు. వేరు ఊరడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

బడి పిల్లలు వింటుంటే వారికి ఒక చిన్న పని. మందుల షాపులో గాయాలకు రాసే టింక్చర్ అయోడిన్ దొరుకుతుంది, లేదా పావిడోన్ అయోడిన్ అయినా సరే. నాలుగు చుక్కలు చాలు. తుంగ గడ్డను కోసి కోత మీద ఒక చుక్క వెయ్యండి. పిండి ఉన్న చోట నీలం కలిసిన నలుపు వస్తుంది. ఇప్పుడు మొలిచి మూడాకులు వేసిన తుంగ గడ్డ ఒకటీ, ఆకులు ముదిరి పూత వేసిన దాని గడ్డ ఒకటీ పక్క పక్కన పెట్టి రెండింటి మీదా వెయ్యండి. బంగాళాదుంపలోనూ కొత్తదీ, మొలకలు సాగి ముడతలు పడినదీ పోల్చవచ్చు. నలుపు ఎక్కడ చిక్కగా ఉందో, ఎక్కడ పలచబడిందో పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. నాభి దుంపను మాత్రం ముట్టుకోకండి. అయోడిన్ తగిలిన ముక్కలు ఎవరూ తినకుండా, పశువులకు అందకుండా గోతిలో పూడ్చి చేతులు కడుక్కోండి.